పరుపులమ్మ అరచెయ్యి

చిలకలూరిపేటలో గౌస్ బాషా పరుపుల కొట్టు ఎక్కడని అడిగితే, హైవే మీద బస్సు దిగి తుమ్ములు ఎటు వస్తే అటు నడవమని చెప్పేవాళ్ళు. ఆ కొట్టు ముందు గాల్లో ఎప్పుడూ దూది తేలుతూ ఉండేది. వాళ్ళు నూర్‌బాషాలు, దూది ఏకడం తాతల నాటి పని. తాతా తండ్రీ వింటితో ఏకారు. గౌస్ బాషా చేతికి కొట్టు వచ్చేసరికి కరెంటు మిషను వచ్చింది, విల్లు గోడకెక్కింది. అతను మిషను దగ్గర ఉంటే, భార్య ఖాదర్‌బీ గలీబులో దూది కూరి, బెత్తంతో కొట్టి సమంగా పరిచి, దబ్బనంతో కుట్టేది. పేటలో సగం కాపురాలు నా చేతి మీదే నిద్రపోతున్నాయని నవ్వేది.

ఆ ఖాదర్‌బీ ముప్పై మూడేళ్ళ వయసులో, తొమ్మిదో తరగతి చదివే కూతురు నజ్మీన్‌ను ఇంట్లో వదిలి, నర్సు చదువుకి గుంటూరు వెళ్ళి హాస్టల్లో చేరింది. ఇది 2002 సంగతి. ఆ కబురు వినగానే పేట పేటంతా నవ్విందంటే అబద్ధం గానీ, నవ్వనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇదంతా ఒక ముసలమ్మ వీపుతో మొదలైంది. ఆ ముసలమ్మ గౌస్ బాషా తల్లి మాబూబీ. అంతకు ముందు ఏడాది దొడ్లో బట్టలుతికే బండ దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. కదిలిస్తే ఎముక కదులుతుందన్న భయంతో ఎవరూ ఆమెను పక్కకి తిప్పలేదు. ఎముక నెలన్నరకే అతుక్కుంది. నడుం కింద పడ్డ పుండు మానడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. అరచెయ్యి అంత పుండు. పొద్దునా సాయంత్రం ఖాదర్‌బీయే కడిగి, మందు పెట్టి, కట్టు కట్టేది. కట్టడం నేర్పిన సిస్టర్ రెండోసారి చూపించాక ఆమె చేతులవైపు చూసి అడిగింది, ఎంతవరకు చదివావని. ఇంటర్ బైపీసీ అనీ, ఇప్పుడు పరుపులు కుడుతున్నాననీ చెప్పింది ఖాదర్‌బీ. ఆమె తండ్రి జూనియర్ కాలేజీ లాబ్‌లో అటెండరు. గాజు సామాను కడుగుతూ కడుగుతూ కూతుర్ని అదే లాబ్‌లో చదివించాడు. పరీక్షలయ్యాయి, పెళ్ళయింది, ఆ సర్టిఫికెట్ బీరువా అడుగున పడింది.

"ముప్పై ఐదు లోపు అయితే నర్సింగ్‌లో చేర్చుకుంటారమ్మా. ఆ గీత దాటితే ఎవరూ తీసుకోరు. ఈ చేతులు పెట్టుకుని పరుపులు కుట్టడం ఏంటి?" అంది ఆ సిస్టర్.

మాట అనేసి ఆమె ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఖాదర్‌బీ మాత్రం ఆ మాటను పేటకి మోసుకొచ్చి, మింగలేక కక్కలేక మూడు నెలలు తిరిగింది. చివరికి ముసలమ్మే నిలదీసింది.

"ఏందే, పరుపు కుడతా కుడతా సూది పట్టుకుని ఆకాశంలోకి చూస్తన్నావు. ఏం పోగొట్టుకున్నావు?"

"ఏం లేదత్తా."

"ఏం లేకపోతే నా దుప్పటి ఆ గలీబుతో కలిపి కుట్టావెందుకు?"

చూసుకుంటే నిజమే, దుప్పటి పరుపుకి అతుక్కుని ఉంది. ఇక దాచి లాభం లేక చెప్పేసింది. గౌస్ బాషా ముందు నవ్వాడు. భార్య నవ్వకపోయేసరికి ఆపాడు. మూడేళ్ళు హాస్టల్లో ఉండాలనీ, ఆదివారాలు మాత్రమే ఇంటికి రావచ్చనీ తెలిశాక మిషను ఆపి కూర్చున్నాడు.

"ఇల్లెట్టా? పిల్లెట్టా?" అన్నాడు.

మాబూబీ నోరు పెద్దదని వీధంతా చెప్పుకునేది. ఆ రోజు ఆ నోరు కోడలి పక్షాన తెరుచుకుంది.

"ఒరేయ్ గౌసూ, నా వీపు నువ్వు చూశావా? చూళ్ళేదు. కొడుకువి, నీకు చూపించలా. అది చూసింది. నాలుగు నెలలు అదే కడిగింది. నేను మళ్ళీ పడతారా. ముసలి ఎముకలు, ఇయ్యాల కాకపోతే ఎల్లుండి. పడితే పడ్డాను గానీ ఆ పుండు మాత్రం నాకు మళ్ళీ వద్దు. దాన్ని పంపు. అది నర్సయ్యి వచ్చిందాకా నేను మంచాన పడను, ఇది నా మాట. పిల్లకి వంట నేను చేసిపెడతా."

కోడలి వైపు తిరిగి వేలు చూపించింది.

"నువ్వు మాత్రం దోవలో ఆగావంటే ఊరుకోను. నేను ఎక్కువ కాలం నిలబడలేను, ముందే చెప్తన్నా."

అలా కుదిరింది బేరం. ముసలమ్మ నిలబడి ఉండాలి, ఈలోపు కోడలు నర్సు కావాలి. స్పాంజి పరుపులొచ్చాక కొట్లో పని ఎలాగూ సగం పడిపోయింది. రెండు మిషన్లలో ఒకదాన్ని అమ్మి ఫీజు కట్టాడు గౌస్ బాషా. టీ కొట్టు దగ్గర స్నేహితులు వదల్లేదు.

"ఏరా గౌసూ, పిల్లల్ని హాస్టల్లో వేసినోళ్ళని చూశాం గానీ, పెళ్ళాన్ని హాస్టల్లో వేసినోణ్ణి నిన్నే చూశాం. మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు మీద నువ్వే సంతకం పెట్టాలా?"

వాళ్ళు వేళాకోళానికి అన్నారు గానీ జరిగింది అదే. హాస్టల్ ఫారంలో తండ్రి లేక సంరక్షకుడు అన్న చోట గౌస్ బాషానే సంతకం పెట్టాడు. విద్యార్థినితో బంధుత్వం అన్న గడి దగ్గర కాసేపు ఆగి, 'భర్త' అని రాశాడు. గుమస్తా ఫారం తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

క్లాసులో నలభై మంది. ముప్పై తొమ్మిది మందికి పద్దెనిమిదీ పందొమ్మిదీ. రెండు రోజులు అందరూ ఆమెను ఎవరో అమ్మాయిని దిగబెట్టడానికి వచ్చిన తల్లి అనుకున్నారు. మూడో రోజు తెల్ల యూనిఫారం వేసుకుని ముందు బెంచీలో కూర్చుంటే గానీ నమ్మలేదు. పక్క మంచం అమ్మాయి శ్రీరమ్య మంగళగిరి మగ్గాల ఇంటి పిల్ల. మొదటి వారం ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే ఖాదర్‌బీ తల నిమిరింది. రెండో వారం ఖాదర్‌బీ నజ్మీన్‌ను తలుచుకుని ఏడుస్తుంటే శ్రీరమ్య తల నిమిరింది. అక్కడితో ఇద్దరికీ చెల్లుకు చెల్లు అయింది.

వాళ్ళ ట్యూటర్ వెంకటేశ్వరమ్మ ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి. నవ్వడం ఆమెకి చేతకాదని కాదు, డ్యూటీలో అలవాటు లేదు. మొట్టమొదటి ప్రాక్టికల్ పాఠం పక్క వేయడం. దుప్పటి నాలుగు మూలలా బిగించి, మడత లేకుండా లాగి, చూశారా అన్నట్టు నిలబడింది. ముందు బెంచీలోంచి ఖాదర్‌బీ లేచింది. లేవకుండా ఉండాల్సింది. కానీ పదిహేనేళ్ళు పరుపులు కుట్టిన చెయ్యి ఊరుకోదు గదా.

"మేడం, దుప్పటి ఎంత బిగించినా లాభం లేదండి. లోపల దూది గడ్డ కట్టింది. ఇదిగో, ఇక్కడ. నడుం ఆనేది సరిగ్గా ఇక్కడే."

"మన పాఠం దుప్పటి వరకే. పరుపు స్టోరు వాళ్ళ పని. కూర్చో, పరుపులమ్మా."

ముప్పై తొమ్మిది మంది పకపకా నవ్వారు. ఆ సాయంత్రానికి ఆసుపత్రి గేటు కాపలావాడికి కూడా ఆమె పేరు పరుపులమ్మే అయింది.

పేరు పెట్టారని కుంగిపోయే రకం కాదు ఖాదర్‌బీ. ఇంగ్లీషు పుస్తకాలు మాత్రం చుక్కలు చూపించాయి. ఆదివారం బస్సులో పేట వెళ్ళగానే పొయ్యి దగ్గర తల్లీ కూతుళ్ళిద్దరూ పుస్తకాలు ముందేసుకునేవాళ్ళు. నజ్మీన్ లెక్కలు చేస్తూ చేస్తూ మధ్యలో తల్లికి ఎముకల పేర్లు అప్పజెప్పించుకునేది. తల్లి తప్పితే గరిటె చూపించేది. మాబూబీ పక్కన కూర్చుని మొత్తం వినేది. కొన్నాళ్ళకి ఆమె కూడా తన తుంటి ఎముకని ఫీమర్ అనడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు కాలెలా ఉందని అడిగితే, ఫీమర్ పర్లేదు అని చెప్పేది.

మొదటి సంవత్సరం గట్టెక్కింది. రెండో సంవత్సరం, 2004 ఫిబ్రవరిలో, ఖాదర్‌బీ చేతులారా కొంప ముంచుకుంది.

అప్పుడు ఆమెకి మగవాళ్ళ ఎముకల వార్డులో డ్యూటీ. అక్కడ యలమంద అని అరవై ఏళ్ళ మిరప రైతు ఉండేవాడు. కోతలు ముంచుకొచ్చిన వేళ ట్రాక్టరు మీంచి పడి తొడ విరగ్గొట్టుకున్నాడు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. కదలడానికి లేదు గానీ నోటికి బరువు కట్టలేదు గదా, వార్డంతా వినపడేలా కళ్ళంలో ఎండుతున్న కాయల సంగతి మాట్లాడేవాడు. ఖాదర్‌బీ రెండు గంటలకొకసారి ఆయన వీపు పక్కకి ఎత్తి, స్పిరిట్ రాసి, పౌడరు వేసేది. నాలుగో రోజు నడుం కింద ఎర్రగా కనిపించింది. కింద చెయ్యి పెట్టి చూసింది. పరుపు మధ్యలో గుంట, ఆ గుంట అంచున రాయిలా దూది గడ్డ.

"ఏందమ్మాయ్, పరుపులో గులకరాళ్ళు కూరారా?" అన్నాడు యలమంద.

"నేనూ అదే అంటన్నా బాబాయ్."

ఆమె వెళ్ళి మేడంకి చెప్పింది. మేడం స్టోరుకి రాశామంది. స్టోరుకెళితే, ఇండెంటు వచ్చి మూడు నెలలైంది, వచ్చే నెలలో చూద్దామన్నారు. వచ్చే నెల దాకా ఆ వీపు ఆగుతుందా? మాబూబీ పుండు కడిగిన మనిషికి ఆ ఎర్ర మచ్చ చూస్తే అన్నం సయించలేదు. వార్డులో ఏడో నంబరు మంచం ఆ శనివారమే ఖాళీ అయింది. దాని పరుపు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టి, సాయంత్రానికి నలుగురు పట్టి యలమంద కింద మార్చేస్తే సరి. గంట పని. ఎన్ని వందలు కుట్టలేదు తను?

ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. పేటకి ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం గౌస్ బాషా దబ్బనం, బెత్తం చేతిసంచిలో పెట్టుకుని బస్సు దిగాడు. మిషను మోసుకురాలేడు గనుక గోడ మీది తాతల నాటి విల్లు భుజాన వేసుకొచ్చాడు. గేటు కాపలావాడు ఏంటిదని అడిగితే, పరుపులమ్మ మొగుణ్ణని చెప్పాడు. లోపలికి వదిలేశారు.

మొగుడూ పెళ్ళాం ఏడో నంబరు పరుపుని మిద్దె మీదకి చేర్చి, కుట్లు విప్పి, దూది కుప్ప పోశారు. గౌస్ బాషా విల్లు ఎత్తాడు. టంయ్ టంయ్ మని నారి మోగింది. దూది పొంగింది. కింద వార్డులో రోగులు ఎవరో వాయిద్యం వాయిస్తున్నారనుకున్నారు. ఇద్దరికీ ఎన్నాళ్ళకో కలిసి పని చేస్తున్న హుషారు. చల్లగా పైరగాలి మొదలైంది. పేటలో అయితే పైరగాలి కొట్టుకి ఎటు తగులుతుందో వాళ్ళకి కంఠోపాఠం. గుంటూరు మిద్దె మీద అది నీళ్ళ ట్యాంకుకి కొట్టుకుని వెనక్కి తిరిగింది. వెనక కింది అంతస్తులో ఆపరేషన్ థియేటర్ ఉంది. ప్రతి ఆదివారం దాన్ని కడిగి, ఆరడానికి కిటికీలు తెరిచి పెడతారు.

వాళ్ళు తలెత్తి చూసేసరికి సగం దూది లేదు. థియేటర్‌లో బల్లల మీదా, దీపాల మీదా, సామాను మీదా సన్నటి దూది దిగింది. సోమవారం పెట్టుకున్న మూడు ఆపరేషన్లు మూడు రోజులు వెనక్కి పోయాయి. అందులో ఒకాయన ఒంగోలు అవతల నుంచి బంధువులందరినీ వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు. వాళ్ళంతా వరండాలో కూర్చుని ఎవరా పరుపులమ్మ అని అడగడం ఖాదర్‌బీ చెవులారా వింది.

వెంకటేశ్వరమ్మ ఆమెను నిలబెట్టి దూది ఏకినట్టు ఏకింది. ఈ మాట ఇక్కడ వాడకపోతే ఇంకెక్కడ వాడతాం. అయితే ఆ తిట్లన్నిట్లో ఒక్క మాటే ఖాదర్‌బీకి సూటిగా తగిలింది.

"నీకు దూది అంటే శుభ్రం. మీ ఇంట్లో అది కొత్త దూది. ఇక్కడ ఆ పరుపు ఎంతమంది చీమూ నెత్తురూ పీల్చిందో నీకు తెలుసా? దాన్ని విప్పి గాల్లో కలిపి, ఆపరేషన్ బల్ల మీదకి పంపావు. రెండేళ్ళు చదివి ఏం నేర్చుకున్నావు?"

ఎండలో వేసి ఏకితే దూది శుద్ధి అయినట్టేనని పుట్టినప్పటి నుంచీ వింది. పుస్తకంలో చదివిన క్రిముల పాఠం, చేతికి వచ్చిన పని, రెండూ తన బుర్రలో ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదని అప్పుడు తెలిసింది. పది రోజులు సస్పెండ్ చేశారు. పదకొండో రోజు కమిటీ ముందుకు రావాలి. స్కూలు నుంచి తీసేస్తారని అందరూ అనుకున్నారు. ఆమెకి ముప్పై ఐదు నిండి నెల. ఇక్కడ తీసేస్తే ఇంకే స్కూల్లోనూ అడుగు పెట్టనివ్వరు.

పెట్టె పట్టుకుని పేట వెళ్ళింది. మాబూబీ అంతా విని ముందు కొడుకు మీద పడింది.

"తెలివిలేని సన్నాసీ, గాలి చూసుకోకుండా విల్లు ఎత్తుతారట్రా? మీ నాన్నయితే తడిగుడ్డ కట్టి ఏకేవాడు."

"గాలి కాదత్తా తప్పు," అని ఖాదర్‌బీ మేడం చెప్పిందంతా చెప్పింది.

మరునాడు నజ్మీన్ తల్లిని దొడ్లోకి పిలిచింది.

"అమ్మా, నాన్నమ్మ ఈ నెల్లో రెండుసార్లు బండ దగ్గర పడింది. నీకు చెప్తే చదువు మానేసి వస్తావని నా చేత ఒట్టేయించుకుంది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, చూడు."

ఖాదర్‌బీ అత్త దగ్గరికి వెళ్ళింది. "పడ్డావా అత్తా?"

"పడలా. జారాను. పడటం వేరు, జారడం వేరు. నా మాట మీద నేనున్నా. నువ్వు నీ మాట మీద ఉండి చావు."

ఆ పది రోజులూ ఖాదర్‌బీ, ముసలమ్మ గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తున్న చప్పుడు వింటూ పడుకునేది. ఒప్పుకున్న మాటకి ఆ మనిషి అలా వేళ్ళాడుతుంటే, తను ఒక్క ఆదివారం తెలివి చూపించి మొత్తం పాడు చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

కమిటీ రోజు శ్రీరమ్య గేటు దగ్గరే కాచుకుని ఉంది.

"అక్కా, ఏమడిగినా తప్పయిందని చెప్పు. మధ్య మధ్యలో ఏడువు. పరుపు గురించి మాత్రం నోరెత్తకు, నీకు దండం పెడతా."

గదిలో పెద్ద డాక్టరు శివరామకృష్ణ గారు, ప్రిన్సిపల్, వెంకటేశ్వరమ్మ కూర్చున్నారు. ఖాదర్‌బీ తప్పయిందంది. ఏడవమన్నారు గదా అని ఏడవలేదు, దానంతటదే వచ్చింది. అంతా శ్రీరమ్య చెప్పినట్టే జరిగేది. కానీ డాక్టరు గారు కాయితం మీద ఏదో రాస్తూ రాస్తూ, ఊరికే అడిగారు.

"యలమందకి ఆ మర్నాడే వేరే పరుపు వేయించాం. మిగతా పరుపులు బాగానే ఉన్నాయి గదమ్మా, ఆ ఒక్కదానికి ఎందుకంత తొందర?"

ఇంకేముంది, చెయ్యి ఊరుకోనట్టే నోరూ ఊరుకోలేదు.

"లేవు సార్. నేను వెళ్ళేనాటికి పదకొండు, పందొమ్మిది, ఇరవై రెండు బాగా లేవు. పదకొండులో ఆయనకి ఈపాటికి ఎర్రబడి ఉంటుంది. ఇరవై రెండు సంగతి చెప్పడానికి భయంగా ఉంది."

వెంకటేశ్వరమ్మ మొహం ఎర్రబడింది. "సార్, రోజూ నాలుగు పూటలా వీపు చూసి చార్టులో రాస్తున్నారు మా పిల్లలు. పది రోజులుగా వార్డులో లేని మనిషి చెప్తే నమ్ముతారా?"

"నమ్మడం ఎందుకు, పోయి చూద్దాం," అని లేచారాయన.

నలుగురూ వార్డుకి నడిచారు. వెనక శ్రీరమ్య తల పట్టుకుని వచ్చింది. పందొమ్మిదో నంబరు రోగి మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. వీపు నున్నగా ఉంది. వెంకటేశ్వరమ్మ ఖాదర్‌బీ వైపు ఒక చూపు చూసింది. పదకొండో నంబరు మనిషిని పక్కకి తిప్పారు. నడుం కింద ఎర్రగా, అరచెయ్యంత మచ్చ. ఇరవై రెండులో ముసలాయనకి మాట సరిగా రాదు. ఆయన్ని తిప్పిన పిల్ల చెయ్యి అక్కడే ఆగిపోయింది. రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి ఉంది. కాళ్ళ దగ్గర వేలాడుతున్న చార్టులో ఆ పొద్దుటి తారీకున 'వీపు బాగుంది' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

వెంకటేశ్వరమ్మ ఆ చార్టు తీసుకుని చదివింది. చదివి ఖాదర్‌బీ చేతికిచ్చింది. తర్వాత తనే చేతులు కడుక్కుని, సామాను తెప్పించి, ఇరవై రెండు మంచం పక్కన నిలబడింది.

"చూస్తూ నిలబడ్డావేంటి? చేతులు కడుక్కునిరా. ఆయన్ని పట్టుకో, నేను కడుగుతా."

అలా తేలిపోయింది కమిటీ. తప్పు తప్పే గనుక ఆరు నెలలు వెనక్కి నెట్టారు. పరీక్షలు తర్వాతి బ్యాచ్‌తో రాయాలి. ఆపరేషన్ ఆలస్యమైన ముగ్గురి దగ్గరికీ వెళ్ళి స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలి. ఇవి కాక ఇంకొక శిక్ష వెంకటేశ్వరమ్మ వేసింది. ప్రతి శనివారం ఆసుపత్రిలో ఉన్న అన్ని పరుపులూ చేత్తో తడిమి, బాగా లేని నంబర్లు రాసివ్వాలి. "తడమడమే. దబ్బనం కనపడిందా, చంపేస్తా," అంది. ఒంగోలు అవతలి ఆయన క్షమాపణ విని, వెళ్ళేముందు నా పరుపు కూడా తడిమి పో అన్నాడు.

మూడు నెలలుగా కదలని ఇండెంటు మూడో రోజున కదిలింది. వచ్చినవి ఏంటనుకున్నారు? స్పాంజి పరుపులు, పైన రెగ్జిన్ తొడుగుతో. నెత్తురు పీల్చవు, తుడిస్తే పోతుంది. అవే మంచివని లిస్టు కింద రాసి సంతకం పెట్టింది ఖాదర్‌బీయే. గౌస్ బాషా ఆ సంగతి విని టీ కొట్టులో బెంచీ మీద కూలబడ్డాడు.

"ఊళ్ళోవాళ్ళు చాలరని నా పెళ్ళాం కూడా నా పొట్ట కొట్టిందిరా," అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజు అందరి టీలూ తనే ఇప్పించాడు.

2006లో ఖాదర్‌బీ పాసైంది. పేటలోనే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సర్టిఫికెట్ తెచ్చి అత్త చేతిలో పెడితే ముసలమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని తృప్తిగా చూసింది.

"అయిపోయిందా? ఇంక నేను పడొచ్చా?"

"పడకత్తా. ఇంకొన్నాళ్ళు జారుతా ఉండు చాలు."

ఇంకో ఏడాదిన్నర అలాగే గోడ పట్టుకుని నెట్టుకొచ్చింది. 2007 వానల్లో పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మంచం మీద పడుకోబెట్టగానే మూతి ఒక పక్కకి వాలినా, "వచ్చానే నర్సమ్మా," అంది. స్పాంజి పరుపు తెస్తామంటే ఛీ కొట్టింది. నా కొడుకు ఏకిన దూది మీదే పోతానంది. కనుక నెలకొకసారి గౌస్ బాషా పరుపు విప్పి, గాలి చూసుకుని, తడిగుడ్డ కట్టి ఏకేవాడు. రెండు గంటలకొకసారి ఎవరో ఒకరు ముసలమ్మని పక్కకి తిప్పేవాళ్ళు. ఖాదర్‌బీ డ్యూటీలో ఉంటే డిగ్రీ చదివే నజ్మీన్, నజ్మీన్ కాలేజీకి పోతే గౌస్ బాషా. కొడుకుకి వీపు చూపించనన్న మనిషి ఆ పట్టు కూడా వదిలేసింది. గోడ మీద, ఇదివరకు విల్లు వేలాడిన మేకుకి, ఒక చార్టు వేలాడేది. అందులో చూడకుండా రాసిన అక్షరం ఒక్కటి లేదు.

పదకొండు నెలలకి మాబూబీ పోయింది. నిద్రలోనే పోయింది. గుసుల్ స్నానం చేయించడానికి నజీరా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పేటలో ఆడవాళ్ళని కడసారి కడుగుతున్న మనిషి. పైన గుడ్డ కప్పే ఉంచి, ఖాదర్‌బీ చెంబుతో నీళ్ళు పోస్తుంటే, నజీరా చేతికి గుడ్డ చుట్టుకుని కింద కడుగుతోంది. కుడి వైపు అయ్యాక పక్కకి తిప్పింది. వీపు మీద చెయ్యి పెట్టి ఆగింది. మళ్ళీ మీద నుంచి కింద దాకా పోనిచ్చింది.

"ఎన్నాళ్ళు మంచాన ఉందమ్మా?"

"పదకొండు నెలలు."

"నెల ఉన్నవాళ్ళనే చూళ్ళేం. గుడ్డ పట్టి లాగితే చర్మం వస్తది. ఎందరిని కడిగానో, ఇట్టాంటి వీపు నేను చూళ్ళా. పసిపిల్ల వీపమ్మా ఇది."

అప్పటిదాకా ఖాదర్‌బీ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి చాపలు వెయ్యడం, మొగుణ్ణి ఓదార్చడం, కూతురికి నీళ్ళు తాగించడం, అన్నీ డ్యూటీ చేసినట్టు చేసింది. ఇప్పుడు చెంబు కింద పెట్టింది. ఏడుస్తూనే గుడ్డ కిందుగా చెయ్యి పోనిచ్చి, నడుం కింద, అప్పట్లో పుండు పడి మానిన చోట, అరచెయ్యి ఆనించి చూసింది. ఆ పాత మచ్చ తప్ప చేతికి ఏమీ తగల్లేదు.

"కానీయ్ నజీరా," అని మళ్ళీ చెంబు అందుకుంది.